కత్తెర పక్కన పెట్టు తల్లీ

సూదీ దారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. మా బాబుకి ఐదేళ్ళు. పుట్టినప్పటి నుంచి అమ్మమ్మ పక్కనే, ఆమె కొంగు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయేవాడు. ఇప్పటికీ రాత్రిళ్ళు పక్కంతా చేత్తో తడుముకుంటాడు. అమ్మ చీరలతో వాడికి బొంత కుట్టాలని నా కోరిక. నాకు గుండీలు కుట్టడం తప్ప ఇంకేమీ రాదు. వీడియోల్లో అందరూ గుడ్డని చదరాలుగా కత్తిరించి అతుకుతున్నారు. మూడుసార్లు కత్తెర తీసుకుని కూర్చున్నాను, మూడుసార్లూ చెయ్యి ఆడలేదు. బీరువా తెరిస్తే ఇంకా అమ్మ వాసనే వస్తుంది. పైగా పోయినవాళ్ళ చీర పిల్లాడికి కప్పకూడదని మా అత్తయ్య అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరిచేతనైనా మిషన్ మీద కుట్టించేయనా? బాబు మాత్రం బొంత మీద ట్రాక్టర్ ఉండాలంటున్నాడు.
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తల్లీ. ముందు ఆ కత్తెర లోపల పెట్టెయ్. నీ చెయ్యి ఆడకపోవడమే మంచిదైంది.

ముప్ఫై ఏళ్ళ కిందట నేను కత్తిరించాను. మా అమ్మది నారాయణపేట నూలు చీర, వంకాయ రంగు, చిన్న గళ్ళు. మా చిన్నవాడికి నాలుగేళ్ళప్పుడు దాన్ని ఆరంగుళాల ముక్కలు చేసి, కొత్త గుడ్డ ముక్కలతో కలిపి అతికాను. చూడటానికి చాలా బాగుండేది. రెండేళ్ళు తిరగకుండానే అమ్మ ముక్కలన్నీ అతుకుల దగ్గర పీలికలైపోయాయి. కొత్త గుడ్డ గట్టిది, పాత గుడ్డ నలిగినది. రెండింటినీ కలిపి కుడితే లాగుడంతా పాత గుడ్డ మీదే పడుతుంది. పాతికేళ్ళు కట్టి ఉతికిన చీరలో పోగు సన్నబడి ఉంటుంది. కత్తిరించిన అంచులో ఆ పోగుని పట్టుకునేదేమీ ఉండదు. కుట్టు పాఠాలు చెప్పే నాకు ఆ మాత్రం తోచలేదు. ఆ చీర మళ్ళీ రాలేదు. ఇప్పటికీ ఎక్కడైనా వంకాయ రంగు గళ్ళు కనిపిస్తే ఆగి చూస్తాను.

అసలు మన పల్లెల్లో బొంత అంటే మడతే. చిరిగిన గుడ్డలు పారేయబుద్ధి కాక ముక్కలు అతికి కుట్టేవాళ్ళూ ఉన్నారు, అది వేరే పని. నా చిన్నప్పుడు జొన్నకోతలయ్యాక మా ఊరికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, మా అరుగు మీద చీరలు పరిచి బొంతలు కుట్టేవారు. కూలి కింద జొన్నలు, ఒక పాత చీర పట్టుకెళ్ళేవారు. వాళ్ళ దగ్గర కత్తెర ఉండేదే కాదు. దారం పళ్ళతోనే కొరికేవారు. చీరని నిండుగా మడిచి, మడతలు కదలకుండా కుట్లు వేయడం, అంతే పని. అలా కుట్టిన బొంతలో చీర చీరలాగే ఉంటుంది. ఎప్పుడైనా కుట్లు విప్పితే అయిదున్నర మీటర్లూ చేతికొస్తాయి. సూది కన్నాలు ఉతుకులో చాలావరకు పూడుకుంటాయి. నీకు కావలసింది ఇదేనని నాకనిపిస్తోంది. అమ్మ చీర పోకూడదు, బాబు చేతికి అందాలి.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయకు. చాలా ఇళ్ళల్లో ఆ పట్టింపు ఉంది, పిల్లాడి మీద భయంతోనే అంటారు. అమ్మ జబ్బుతో మంచంలో ఉన్నప్పుడు కట్టినవేమైనా ఉంటే అవి వద్దు, పక్కన పెట్టెయ్. బాగున్నప్పుడు ఇంట్లో కట్టుకు తిరిగిన చీర ఒకటి తీసుకో. అత్తయ్యగారిని ఆవిడ చీర ఒకటి అడుగు. లోపల అమ్మమ్మ చీర, పైన నాన్నమ్మ చీర. బాబు గుప్పిట్లోకి వచ్చే కొంగు తప్ప, వాడి ఒంటికి ఆవిడ చీరే తగులుతుందని చెప్పు. అడిగే ముందు ఆవిడ పక్కన కూర్చుని, ఏ చీర ఇస్తే బాగుంటుందో ఆవిడనే ఎంచమను. ఇది ఒప్పించడానికి వేసే ఎత్తని అనుకోకు. నిజంగానే బొంతకి పైగుడ్డ కావాలి, అది బతికున్న మనిషి ఇష్టపడి ఇస్తే వాడికి ఇంకా మంచిది. అప్పటికీ వద్దంటే రెండు మూడు నెలలు ఆగు. చీరలు ఎక్కడికీ పోవు.

చీరలు రెండూ నూలువే అయి ఉండాలి. పాలిస్టర్ గాలి ఆడనివ్వదు, సూది కింద జారిపోతుంది. పట్టుచీరలు బీరువాలోనే ఉంచు. అమ్మ రోజూ కట్టి కట్టి మెత్తబడ్డ వాయిల్ చీర ఉంటే దాన్ని మించింది లేదు. మన దగ్గర పుట్టిన బిడ్డని పాత గుడ్డల పొత్తిళ్ళలోనే పెడతారు కదా, ఆ మెత్తదనం కోసమే.

చీరని కిటికీకి అడ్డంగా పట్టి వెలుతుర్లో చూడు. పలచబడ్డ చోట్లు కనిపిస్తాయి. వాటిని గుర్తుపెట్టుకుని లోపలి మడతల్లోకి పంపించు. కుచ్చిళ్ళ దగ్గర కుట్టిన ఫాల్ విప్పెయ్. అది పాలిస్టర్‌దైతే, ఉతికినప్పుడు చీర ముడుచుకున్నా అది ముడుచుకోదు, అక్కడ బొంత ఉబ్బుతుంది. కొంగులో, భుజం దగ్గర పిన్నీసు మిగిలిపోయిందేమో వేళ్ళతో తడిమి చూడు. రంగు దిగుతుందో లేదో తెలియాలంటే చీర మూల గోరువెచ్చని నీళ్ళలో తడిపి తెల్ల రుమాలుకి అద్ది చూడు. తర్వాత గంజి పెట్టకుండా రెండు చీరలూ ఉతికి ఎండలో ఆరెయ్.

ఉతికితే అమ్మ వాసన పోతుందని నీకు బాధ కలుగుతుంది. నాకు తెలుసు. కానీ బీరువాలో కలరా ఉండలు వేసి ఉంటే మాత్రం ఉతకకుండా పిల్లాడికి ఇవ్వకూడదు. ఆ ఉండల్లో నాఫ్తలీన్ ఉంటే, పుట్టుకతో వచ్చే ఒక లోపం ఉన్న పిల్లల్లో ఆ ఆవిరికి ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. అందుకని బొంతకి తీసుకున్న చీర ఉతుకు. అమ్మ జాకెట్టో, చేతి రుమాలో ఒకటి ఉతక్కుండా, కలరా ఉండలు లేని స్టీలు డబ్బాలో మూతపెట్టి దాచుకో. అది బాబుకి కాదు, నీకు.

ఇక మడత. చీర అయిదున్నర మీటర్లు, వెడల్పు సుమారు నలభై అయిదు అంగుళాలు. నాలుగు మడతలు వేస్తే నాలుగున్నర అడుగుల పొడవు వస్తుంది. ఐదేళ్ళ పిల్లాడు మూడున్నర అడుగుల పైచిలుకు ఉంటాడు. ఇంకో మూడు నాలుగేళ్ళు హాయిగా సరిపోతుంది.

అమ్మ చీరని నేరుగా నాలుగు మడతలు వేయకు. కొంగువైపు ఒక మూర వదిలిపెట్టి, మిగతాదాన్ని విసనకర్రలా అటూ ఇటూ నాలుగు పొరలుగా మడువు. అప్పుడు కొంగు ఒకవైపు తోకలా బయట ఉంటుంది. అది తలవైపు. పక్క అంచులు రెండూ అంగుళం చొప్పున లోపలికి మడిచెయ్. అత్తయ్యగారి చీరని సగానికి మడిచి నేల మీద పరిచి, దాని ఒక సగం మీద అమ్మ మడతని పెట్టి, రెండో సగం పైకి కప్పు, పుస్తకం మూసినట్టు. కింద రెండు, మధ్యలో నాలుగు, పైన రెండు. మొత్తం ఎనిమిది పొరలు. తూకం కిలోకి అటూ ఇటూ ఉంటుంది, వాడికి బరువు కాదు.

అత్తయ్యగారి చీర మూసిన మడత కాళ్ళవైపు, తెరిచిన వైపు తలవైపు రావాలి. తలవైపు అంచుల్ని అంగుళం లోపలికి తిప్పి, మధ్యలోంచి వచ్చిన అమ్మ కొంగుని ఆ అంచు మీదుగా పైముఖం మీదికి జానెడు మేర మడిచి కుట్టు. రాత్రి బొంత గడ్డం దాకా లాక్కున్నప్పుడు బాబు గుప్పిట్లోకి వచ్చేది ఆ కొంగే. ఒకటి ముందే చెప్తున్నాను. చెమట, చొంగ, వేళ్ళ మురికి అంతా అక్కడే, కాబట్టి ముందు చిరిగేదీ అదే. చిరగనీ. కొంగు ఉన్నది పట్టుకోవడానికే. చిరిగినప్పుడు కింద ఒక గుడ్డ వేసి మళ్ళీ కుడతావు.

పరిచేటప్పుడు మంచం మీద కాదు, గచ్చు మీద. ముడతలు అరచేత్తో మధ్యలోంచి బయటికి తోస్తూ, నాలుగు మూలలా ఇటుకో, పొత్రమో బరువు పెట్టు. ముందు కచ్చా కుట్లు వేయాలి. ఈ పని ఎగ్గొట్టిన ప్రతి ఒక్కరి బొంతా మధ్యలో ఉబ్బిపోవడం నేను చూశాను. వేరే రంగు దారంతో, మధ్యలో మొదలుపెట్టి అంచులకి, సూర్యుడి కిరణాల్లా, పొడుగు పొడుగు కుట్లు. కిరణానికీ కిరణానికీ మధ్య జానెడు మించకూడదు. పని అయ్యాక ఇవి లాగేస్తావు కాబట్టి అందం చూసుకోనక్కర్లేదు.

అసలు కుట్టుకి రెండంగుళాల సూది, కన్ను పెద్దది తీసుకో. దబ్బనం వద్దు, అది గోనెసంచులకి. పాత గుడ్డలో పెడితే కన్నాలు మిగులుతాయి. మామూలు నూలు దారం రెండు పేటలు వేసి, మైనం ముక్క మీదుగా ఒకసారి లాగితే చిక్కుపడదు. రెండు మూరల కన్నా పొడుగు దారం ఎక్కించకు. నడిమి వేలికి అంగుస్తాను, అంటే వేలి కొసకి పెట్టుకునే చిన్న లోహపు టోపీ, తొడుక్కో, ఎనిమిది పొరల్లో సూది తోయాలంటే అది లేకుండా రెండో రోజుకే వేలు పుండవుతుంది. ముడి పైన కనబడనివ్వకుండా పొరల మధ్యలోకి లాగెయ్.

కుట్టు సూటిగా, లోపలికీ బయటికీ, అంతే. చీర పొడుగునా వరుసలు వెయ్. వరుసకీ వరుసకీ మధ్య అంగుళంన్నర, అంటే రెండు వేళ్ళు ఆనించినంత. చారల చీరో గళ్ళ చీరో అయితే అవే నీకు గీతలు. లేకపోతే సుద్దముక్కతో గీసుకో. వెడల్పు నలభై అయిదు అంగుళాలు కాబట్టి ముప్ఫై వరుసలు పడతాయి. కొత్త చేతికి వరుసకి ఇరవై నిమిషాలు అనుకున్నా పది గంటల పని. బాబు పడుకున్నాక రోజుకి రెండేసి వరుసలు కుడితే పదిహేను రోజులు. మొదటి వరుసలో నీ కుట్లు బియ్యపు గింజంత ఒకటి, చింతగింజంత ఒకటి పడతాయి. విప్పకు. పదో వరుసకి చెయ్యి దానంతటదే ఒక కొలతకి వస్తుంది.

మిషన్ మీద వద్దంటాను. ఎనిమిది పొరలు మామూలు ఇంటి మిషన్ కింద సరిగ్గా కదలవు. పై పొర ముందుకి, కింది పొర వెనక్కి జరిగి ముడతలు పడతాయి. మిషన్ కుట్టు బిగువు, దగ్గర దగ్గర కన్నాలు. నలిగిన గుడ్డ ఆ గీత వెంబడే చిరుగుతుంది. చేతికుట్టు కొంచెం వదులుగా ఉండి గుడ్డతో పాటు సాగుతుంది.

ట్రాక్టర్ సంగతి. తప్పకుండా పెట్టు, వాడి బొంత కదా. కాళ్ళవైపు ఒక మూలన సుద్దతో గీసి, గీత వెంబడి అదే కుట్టు వెయ్. వెనక చక్రానికి గిన్నె మూత, ముందు చక్రానికి టీ గ్లాసు బోర్లించి వాణ్ణే గీయమను. దారం రంగు కూడా వాణ్ణే ఎంచమను. గుండీలు, పూసలు, అద్దాలు చక్రాలుగా అతికించకు, ఊడితే నోట్లో పెట్టుకుంటాడు.

మూలల గురించి ఒక మాట. కర్ణాటకలో ఎల్లాపూర్, హళియాళ ప్రాంతాల్లో సిద్ది స్త్రీలు, అంటే ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ సంతతి, కుట్టే బొంతల్ని కవంద్ అంటారు. నాలుగు మూలలా మూడు కోణాల గుడ్డముక్కలు పెట్టి ముగిస్తారు, వాటిని వాళ్ళు ‘ఫూల’ అంటారు. అవి లేని బొంత బట్టలేని మనిషిలాంటిదని వాళ్ళ భావం. నాకది చాలా నచ్చి నేనూ పెడుతున్నాను. అందం సంగతి అలా ఉంచితే, మూలలే ముందు అరుగుతాయి కాబట్టి బలం కూడా. బాబు వాళ్ళ నాన్న పాత చొక్కా ఉంటే దాన్ని కత్తిరించు. కత్తెర ఆ ఒక్కదానికి పనికొస్తుంది.

ఉతకడానికి తొందరపడకు, వారానికోసారి ఎండలో వేస్తే చాలు. పక్క తడిపితే మాత్రం వెంటనే బకెట్‌లో నానబెట్టి, చేతులతో నొక్కి మురికి వదిలించు. తడిసిన బొంత చాలా బరువు. మెలిపెట్టి పిండితే కుట్లు తెగుతాయి. ఇద్దరు పట్టుకుని నులకమంచం మీద అడ్డంగా పరిస్తే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి.

ప్రశ్న: మా చెల్లికి బాబు పుట్టి రెండు నెలలు. మా పెద్దమ్మ కుట్టిన బొంత కప్పి పడుకోబెట్టొచ్చా?
– తెనాలి నుంచి ఒక అక్క

జవాబు: వద్దమ్మా. ఏడాది నిండేదాకా పడుకున్న పిల్లాడి మీద బొంత గానీ, వదులు దుప్పటి గానీ వేయకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు. మొహం మీదికి వస్తే తీసుకునే శక్తి వాడికి ఉండదు. మెత్తటి బొంత కింద వేసి నిద్రపుచ్చడం కూడా మంచిది కాదు, పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. చలిగా ఉంటే ఒంటికి ఇంకో చొక్కా తొడగండి. బొంత వృథా కాదు. నూనె రాసేటప్పుడు, మెలకువగా ఉండి బోర్లా పడేటప్పుడు, పక్కన మనిషి ఉండగా నేల మీద పరవండి. పెద్దమ్మగారికి నొచ్చుకోకుండా చెప్పండి, ఏడాది తర్వాత అదే కప్పొచ్చు.

ప్రశ్న: అమ్మా, మా వాడికి పదకొండేళ్ళు. ఈ ఏడు హాస్టల్లో చేరాడు. మా ఆదిలాబాద్ చలి మీకు తెలిసిందే. మా ఆవిడకి చూపు సరిగా ఆనదు, నేనే కుడదామనుకుంటున్నాను. మగవాడిని, నాకు వస్తుందా? ఇంట్లో పాత నూలు చీరలు మూడున్నాయి.
– ఒక తండ్రి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఎందుకు రాదు అన్నా? ఊరూరా దర్జీలు మగవాళ్ళేగా. వస్తుంది. మీ వాడికి పొడవు కావాలి కాబట్టి చీరని మూడు మడతలు వేయండి, ఆరడుగులు వస్తుంది. ఒక్కో చీర మూడేసి పొరలు, మూడు చీరలకి తొమ్మిది. ఆ చలికి కావలసిందే. చీరల్లో గట్టిది రెండు ముఖాలకీ రావాలి కదా, దాన్ని పుస్తకంలా కాకుండా ఇలా చేయండి: మూడు మడతల్లో మధ్య మడతని కింద పరిచి, మిగతా రెండు చీరల మడతలూ అంగుళం లోపలికి మడిచి దాని మీద పెట్టి, అటో రెక్క ఇటో రెక్క పైకి కప్పండి. పైముఖం రెండు పొరలు, కిందిముఖం ఒకటి అవుతుంది. అంచులు దగ్గర దగ్గర కుట్లతో మూసేయండి. తొమ్మిది పొరలకి సూది కష్టంగా దిగుతుంది. కొంచెం కొంచెంగా, మూడు కుట్లకోసారి దారం లాగండి, ఒకేసారి ఎక్కువ కుట్లు సూదికి గుచ్చితే వంగిపోతుంది. వరుసల మధ్య రెండంగుళాలు వదిలినా చాలు.

ఆవిడ దారం ఎక్కించలేకపోయినా అంచుల్ని వేళ్ళతో తడిమి ముడత ఎక్కడుందో చెప్పగలరు. పక్కన కూర్చోమనండి. వాడి పేరు కిందిముఖం మీద, కాళ్ళవైపు మూలన ఎర్రదారంతో కుట్టండి. హాస్టల్లో బొంతలన్నీ ఒక్కచోటే ఆరేస్తారు, పేరుంటే వాడిది వాడికి దొరుకుతుంది.